పిన్ని ఆర్డర్ల పుస్తకంలో పద్నాలుగు కార్డు నంబర్లు

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక నోటుపుస్తకం గురించి. మాట్లాడేది ఆన్‌లైన్ పేమెంట్ సెక్యూరిటీయే, కానీ కథ మాత్రం నోటుపుస్తకంతోనే మొదలైంది.

మా పిన్ని తణుకులో పచ్చళ్ళు పెడుతుంది. మొదట్లో చుట్టాలకే పెట్టేది. తర్వాత ఆ చుట్టాల పిల్లలు డల్లాస్, న్యూజెర్సీ వెళ్ళారు, వాళ్ళ ఫ్రెండ్స్ అడిగారు, అలా అలా ఇప్పుడు నెలకి ముప్పై పార్సిళ్ళ దాకా వెళ్తున్నాయి. పోయిన సంక్రాంతికి ఊరెళ్తే, "ఒరేయ్, నువ్వు కంప్యూటర్ చదివావు కదా, ఈ లెక్కలు కాస్త ఎక్సెల్‌లో ఎక్కించి పెట్టరా" అని ఆర్డర్ల పుస్తకం చేతిలో పెట్టింది. తెరిచాను. పేరు, అడ్రస్, ఆవకాయ రెండు కిలోలు, గోంగూర కిలో. దాని కింద పదహారు అంకెలు. పక్కన నెల, సంవత్సరం. ఆ పక్కన ఇంకో మూడు అంకెలు, మర్చిపోకుండా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి మరీ!

ఇదేంటి పిన్నీ అంటే, "వాళ్ళు ఫోన్లో చెప్తారు, నేను రాసుకుంటాను. సాయంత్రం పక్కింటి కుర్రాడొచ్చి ఆ పేమెంట్ పేజీలో కొట్టిపెడతాడు" అంది. కొంతమందైతే కార్డుని రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారట.

మరి ఓటీపీ రాదా బ్రో అని మీరు అడుగుతారు. మన కార్డులకి వస్తుంది. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో వెరిఫికేషన్ ఉండాల్సిందేనని ఆర్‌బీఐ 2009లోనే రూల్ పెట్టింది, ఫోన్‌లో ఐవీఆర్ పేమెంట్లకి అది 2011లో అమల్లోకి వచ్చింది. అమెరికా కార్డులకి అలాంటి తప్పనిసరి రూల్ లేదు. చాలాచోట్ల నంబరు, డేటు, వెనకున్న సీవీవీ ఉంటే చాలు, పని అయిపోతుంది. అంటే పిన్ని పప్పుల డబ్బాల పక్కన పెట్టుకున్న ఆ పుస్తకం, పద్నాలుగు మంది పర్సులతో సమానం.

పిన్ని మంచిదే, పక్కింటి కుర్రాడూ మంచోడే. గొడవ అది కాదు. పుస్తకం నిండిపోయాక ఎక్కడికెళ్తుంది? పాత పేపర్లవాడికి. ఫొటోలు ఎక్కడికెళ్తాయి? వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే గ్యాలరీలో పడుతుంది, బ్యాకప్ ఆన్‌లో ఉంటే క్లౌడ్‌కి వెళ్తుంది. పిన్ని అకౌంటే మనవడి ట్యాబ్‌లో కూడా ఉంది. వాడు కార్టూన్లు చూసే ట్యాబ్‌లో న్యూజెర్సీ ఆంటీ క్రెడిట్ కార్డు రెండు వైపులా క్లియర్‌గా కనిపించింది. చాట్ డిలీట్ చేశాను కదా అనుకుంటే సరిపోదు, మూడు చోట్లా తీయాలి.

ఇంకో విషయం చాలామంది చిన్న వ్యాపారులకి తెలీదు. ఇలా చేత్తో కొట్టిన పేమెంట్‌ని రేపు కార్డు ఓనరు "ఇది నేను చేయలేదు" అంటే, బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాగేస్తుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. పచ్చడీ పోయె, డబ్బూ పోయె. అదే కస్టమర్ తన బ్యాంకు వెరిఫికేషన్ దాటి కట్టి ఉంటే, అలాంటి మోసం నష్టం మామూలుగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదకి వెళ్తుంది. ఇది చెప్తుంటే పిన్ని, "అదా! ఆ మధ్య ఒక పార్సిల్ డబ్బులు వెనక్కి పోయాయిరా, ఎందుకో ఇప్పటిదాకా అర్థం కాలేదు" అంది.

రూల్స్ ఏమంటాయంటే, కార్డు కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న పీసీఐ డీఎస్ఎస్ అని ఒక స్టాండర్డ్ ఉంది. పేమెంట్ ఓకే అయ్యాక వ్యాపారి సీవీవీని ఎక్కడా దాచకూడదు. కాగితం మీద కూడా. ఎన్‌క్రిప్ట్ చేసి కూడా. షాపు చిన్నదని మినహాయింపేం లేదు. మన దేశంలోనైతే 2022 అక్టోబర్ 1 నుంచి షాపింగ్ యాప్‌లు పూర్తి కార్డు నంబరే దాచుకోకూడదు. మీరు 'సేవ్ కార్డ్' కొడితే అక్కడ ఉండేది టోకెన్, అది వేరే చోట పనికిరాదు. అంత పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లలోనే వద్దన్నది పిన్ని వంటింట్లో ఉంది.

పరిష్కారం ఐదు నిమిషాల పని. పిన్నికి ఉన్న గేట్‌వే అకౌంట్‌లోనే పేమెంట్ లింక్ అనే ఆప్షన్ ఉంది. అమౌంట్ కొట్టి లింక్ పంపితే, కస్టమరే తన ఫోన్లో, గేట్‌వే పేజీలో నంబరు కొట్టుకుంటారు. ఆ నంబరు అసలు పిన్ని దాకా రాదు. రాని నంబరు పోయే భయమే లేదు. పెద్ద కాల్ సెంటర్లలో కూడా ఇదే లాజిక్: నంబరు కీప్యాడ్‌లో నొక్కమంటారు, అవతల ఏజెంట్‌కి బీప్ తప్ప ఏమీ తెలీదు. సీవీవీ నోటితో చెప్పమంటే ఎవరికీ చెప్పొద్దు, అంతే.

ఇక మీ సంగతి. ఫోన్ చేసి "సార్, మీ కార్డు ఈ అంకెలతో మొదలవుతుంది కదా" అని ఆరు అంకెలు చదివితే పడిపోకండి. ఆ ఆరు మీ బ్యాంకు, కార్డు రకం చెప్పే అంకెలు. మీతో పాటు వేల మందికి అవే. చివరి నాలుగు ఎలాగూ బిల్లుల మీద ఉంటాయి. పదహారులో పది రహస్యమే కాదన్నమాట! ఇంకోటి, బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ స్విచ్ ఆఫ్ చేసుకోండి. విదేశీ సైట్లలో మన కార్డుకి కూడా ఓటీపీ అడగకపోవచ్చు. ఈ స్విచ్‌లు 2020 నుంచి బ్యాంకులు ఇవ్వాల్సిందే. డబ్బు పోతే ముందు కార్డు బ్లాక్ చేసి, వెంటనే 1930కి కాల్ చేయండి.

పుస్తకం ఏమైందంటారా? అడ్రస్‌లు ఎక్కించుకుని, పేజీలు చింపి నీళ్ళ పొయ్యిలో పెట్టాం. అసలు కష్టం తర్వాత వచ్చింది. పద్నాలుగు మందికీ ఫోన్ చేసి, మీ కార్డు వివరాలు మా దగ్గర రాసి ఉన్నాయి, వీలైతే కార్డు మార్చుకోండి అని చెప్పాలి. "ఏమని చెప్పనురా, నా పరువు పోదూ?" అని పిన్ని రెండు రోజులు ఫోన్ పట్టుకోలేదు. మూడో రోజు రాత్రి వాళ్ళకి తెల్లారే టైం చూసి మొదలుపెట్టింది. ఇద్దరు కొంచెం కసురుకున్నారు. చాలామంది థాంక్స్ చెప్పారు. డల్లాస్ అమ్మాయి మాత్రం "సరే ఆంటీ, మారుస్తాను, ఇంకో కిలో గోంగూర పంపండి" అంది. లింక్‌లో వచ్చిన మొదటి పేమెంట్ అదే.