మనవరాలి టారో కార్డులు – నా వీఆర్‌ఎస్
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



ఉద్యోగ జీవితంలో తీసుకున్న ఒక నిర్ణయం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. డి.ఏ. లెక్కలైతే సులువుగా చెప్పేవాణ్ణి. ఇది కొంచెం కష్టమే. ఈ వేసవిలో మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను.

మా మనవరాలు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. అది మానేసి వేరే కంపెనీలో చేరాలా వద్దా అని నెలరోజులుగా మథనపడుతోంది. సెలవుకు వచ్చినప్పుడు ఒక సాయంత్రం భోజనాల బల్ల మీద బొమ్మల కార్డులు పరిచింది. టారో కార్డులట. "చిలక ఏదమ్మా?" అన్నాను. "చిలక లేదు తాతయ్యా. ఇది జోస్యం కాదు. బొమ్మ చూసి మన మనసులో ఉన్నది మనమే బయటికి తెచ్చుకోవాలి" అంది.

ఆ తరువాత కొంత చదివి తెలుసుకున్నాను. మొత్తం 78 కార్డులు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇవి కేవలం పేకాట కోసం పుట్టాయి. జోస్యానికి వాడడం 18వ శతాబ్దంలో ప్రాచుర్యంలోకి వచ్చింది. మా అమ్మాయి దగ్గరున్న బొమ్మలు 1909లో లండనులో అచ్చయినవాటి నమూనా; పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసినవి.

"నీ ఉద్యోగంలో పెద్ద నిర్ణయం ఒకటి తలుచుకుని నువ్వూ తియ్యి తాతయ్యా" అంది. నేను 2001లో తీసుకున్న వీఆర్‌ఎస్‌ను తలుచుకున్నాను. ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. సర్వీసులో ఏడాదికి 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసు జీతం, ఏది తక్కువైతే అది. నాకు 26 ఏళ్ళ సర్వీసు. అంటే 52 నెలల జీతం. వయసు 52.

వచ్చిన బొమ్మలో ఎనిమిది కప్పులు పేర్చి ఉన్నాయి. ఒకడు చేతికర్ర పట్టుకుని, వాటికి వీపు పెట్టి, చంద్రుడి వెలుగులో కొండలవైపు వెళ్ళిపోతున్నాడు. "కప్పులు ఒక్కటీ పడిపోలేదు. మరి ఎందుకు వెళ్తున్నాడు తాతయ్యా?" అని అడిగింది.

"భయపడి" అన్నాను.

మిత్రులారా, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అమ్మను చూసుకోవడానికే ఉద్యోగం వదిలానని పాతికేళ్ళకు పైగా అందరికీ చెబుతూ వచ్చాను. అది అబద్ధం కాదు. ఆమె చివరి మూడేళ్ళూ సేవ చేసుకునే భాగ్యం దక్కింది. కాని అది సగం నిజమే. బ్రాంచికి కంప్యూటర్లు వచ్చాయి. లెడ్జరు ముందు తలెత్తుకు తిరిగినవాణ్ణి, కుర్రాళ్ళ ముందు రెండు వేళ్ళతో టైపు కొట్టలేక సిగ్గుపడ్డాను. నాతోపాటు ఉన్నవాళ్ళు ఆరు నెలల్లో నేర్చుకున్నారు. నేను ప్రయత్నమే చెయ్యలేదు. ఆ సంగతి మా ఆవిడ కూడా ఆ సాయంత్రమే మొదటిసారి విన్నది. "నాకు తెలుసులెండి" అని మాత్రం అంది.

తరువాత మనవరాలు తీసింది. ఒక పనివాడు బెంచీ మీద కూర్చుని ఉలితో నాణెం చెక్కుతున్నాడు. "వాడి పని వాడికి ఇష్టంలాగే ఉందే?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "నాకూ పని ఇష్టమే తాతయ్యా. మేనేజరుతోనే పడడం లేదు" అంది. ఇంకో ఎనిమిది నెలలైతే ఐదేళ్ళు నిండి గ్రాట్యుటీకి అర్హత వస్తుందని కాగితం మీద లెక్క వేసి చూపించాను. అది ఏ కార్డూ చెప్పదు కదా! వెళ్ళాక వేరే టీము అడిగింది. ఇచ్చారు. ఎనిమిది నెలల తరువాత మళ్ళీ ఆలోచిస్తానంది.

కార్డుకు భవిష్యత్తు తెలుసునని నేను నమ్మను. నన్ను మాట్లాడించింది కార్డు కాదు, పక్కన కూర్చుని "ఎందుకు?" అని అడిగిన మనిషి. 2001లో నన్ను ఎవరూ అలా అడగలేదు, నేనూ అడగనివ్వలేదు. మన పిల్లలు ఉద్యోగం మారతామన్నప్పుడు వెంటనే సలహా ఇచ్చెయ్యకుండా ఆ ఒక్క ప్రశ్న అడుగుదాం. జవాబు వచ్చేదాకా ఓపిక పడదాం. మనకు ఇప్పుడు తీరిక ఉన్నది కదా.

అన్నట్టు, కంప్యూటరుకు జడిసిన ఈ మనిషి ఇప్పుడు జీవన్ ప్రమాణ్ ఫోనులోనే ఇచ్చుకుంటున్నాడు. నేర్పింది మనవరాలే.