పిల్లలకు కథ వ్రాయుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



పిల్లల కథయే కదా, ఎవరైనను వ్రాయవచ్చుననుట లోకమున తరచుగా వినబడు మాట. ఆ మాటను నమ్మి కలము పట్టినవారికి రెండవ పుటకే దాని బరువు తెలియును. పెద్దలకొఱకు వ్రాసినది రుచింపకున్నను పెద్దలు మొగమాటముచేత కడవఱకు విందురు. పిల్లలకు మొగమాటము లేదు. కథ కుంటుపడిన చోటనే లేచి ఆటకు పోవుదురు.

ఈ పనియొక్క గౌరవము పంచతంత్ర పీఠికయందే కానవచ్చును. మహిలారోప్య నగరము నేలు అమరశక్తికి ముగ్గురు కొడుకులు. మువ్వురకును చదువు అంటలేదు. వ్యాకరణమునకే 12 ఏండ్లు పట్టునని పండితులు లెక్క చెప్పుచుండగా, 80 ఏండ్ల విష్ణుశర్మ 6 నెలల గడువు కోరెను. రాజు ఇయ్యజూపిన నూఱు అగ్రహారములను వలదనెను. విద్య నమ్ముకొనువాడను కాననెను. గడువులోగా రాకుమారులను నీతికోవిదులను చేయలేనిచో తన పేరునే వదలుకొందునని ప్రతిన పట్టెను. పిదప ఆయన వారి యెదుట శాస్త్రగ్రంథములను పఱచలేదు. కాకిని, ఎలుకను, తాబేటిని, నక్కను నిలిపెను.

ఆ కథలలో మిత్రలాభ మిత్రభేదములను పరవస్తు చిన్నయసూరిగారు 1853లో నీతిచంద్రికగా తెనిగించిరి. తెలుగు వచనమునకు వన్నెతెచ్చిన గ్రంథమది. తరతరముల విద్యార్థులకు భాష నేర్పినది. అయినను దానిని చదువుటకు పిల్లవానికి గురువు కావలెను, నిఘంటువు కావలెను. భాష నేర్పుట దాని పని. ఆ పనిని అది చక్కగా నెఱవేర్చినది. చాపమీద కూర్చున్న ఎనిమిదేండ్ల పిల్ల తనంతట తాను చదువుకొని నవ్వుకొనుటకు మాత్రము వేఱొక త్రోవ కావలసివచ్చెను. సూరిగారిని చదివి ఆనందించినవారే ఈ భేదమును మఱచి పిల్లల కథను సమాసములతో నింపుచుందురు. నేర్చిన పాండిత్యమును అక్కఱలేని చోట అణచియుంచుట, దానిని నేర్చుటకన్న కష్టము.

ఆ క్రొత్త త్రోవను వేసినవారిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ముఖ్యులు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన వారు పిల్లలచేతనే పాడించి, ఆడించి, చెప్పించి, వారి పలుకుబడిని దగ్గఱనుండి వినిరి. 1945లో ‘బాల’ పత్రికను వెలువరించిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ‘చందమామ’ను ప్రారంభించిరి. 1952 మొదలు 1980లో కన్నుమూయువఱకు కొడవటిగంటి కుటుంబరావుగారు దాని సంపాదకత్వభారమును వహించిరి. ‘చదువు’ వంటి నవల వ్రాసిన ఆ చేయి, ఇతరులు పంపిన కథలను చిన్నచిన్న వాక్యములలోనికి దిద్దుటను చిన్నతనముగా తలపలేదు. బేతాళకథలు మూలమున 25 మాత్రమే. అవి తీఱిపోయిన పిదపను, ఆ చట్రములోనే క్రొత్తకథలు ఏండ్ల తరబడి నడచినవి. దాసరి సుబ్రహ్మణ్యంగారు ‘తోకచుక్క’ మొదలుకొని పెక్కు ధారావాహికలను అందే వ్రాసిరి. వానిపై ఆయన పేరు ఉండెడిది కాదు. నెలనెలా ఎదురుచూచిన పిల్లలకు కథానాయకుల పేర్లు కంఠస్థములు, కర్త పేరు మాత్రము తెలియదు. విష్ణుశర్మ తన పేరును పందెమొడ్డెను. ఈయన పేరు లేకయే వ్రాసిరి.

ఇక ఈ విద్యను నేర్చుట యెట్లు? మిత్రలాభములోని నలుగురు నేస్తుల కథనే తీసికొందము. వేటకాడు మంథరుడను తాబేటిని వింటికి కట్టి మోసికొనిపోవుచుండును. చిత్రాంగుడను లేడి మడుగు ఒడ్డున చచ్చినట్లు పడియుండును. లఘుపతనకమను కాకి దాని కన్నులు పొడుచుచున్నట్లు నటించును. వేటకాడు తాబేటిని నేలపై దింపి లేడివైపు పరుగెత్తును. అంతట హిరణ్యకుడను ఎలుక కట్లు కొఱుకును. తాబేలు నీటిలోనికి జాఱును, లేడి లేచి పాఱిపోవును. చెప్పువాడు “నేలపై దింపి” అను మాటను విడిచినచో, “ఎలుక అంత యెత్తు ఎట్లెక్కినది?” అని వినుచున్న పిల్లవాడు అడుగును. ఆ ప్రశ్నయే గురువు. ఇంటికి పోయి మఱల వ్రాయవలెను. కథ ముగిసిన పిదప స్నేహము గొప్పదని పది వాక్యములు చేర్చుటయు వలదు. ఎలుక పండ్లతో చెప్పిన నీతిని రచయిత మఱల నోటితో చెప్పనక్కఱలేదు.

మొదట నోట చెప్పి, పిదప వ్రాసి, వ్రాసినదానిని పిల్లల నడుమ పైకి చదువవలెను. ఏ వాక్యమువద్ద వారి చూపు వాకిలివైపు మఱలునో అచ్చట గీత పెట్టవలెను. ఆ వాక్యము వ్రాసినవానికి ఎంత ప్రియమైనదైనను కొట్టివేయవలెను. ఇట్లు నాలుగైదు మాఱులు జరిగినగాని కథ నిలువదు.

ప్రతి గ్రామమునను ముసలమ్మలు చెప్పు కథలు కొన్ని ఏ పుస్తకమునకును ఎక్కలేదు. అవి చెప్పువారితోనే పోవును. ఇంటింటికి వచ్చిన ‘చందమామ’యు ఇప్పుడు వెలువడుటలేదు. 25 ఏండ్లుగా ఇతరులు వ్రాసిన పుస్తకములను తెచ్చి భద్రపఱచిన ఈ గ్రంథాలయము, ఇకపై పిల్లల బల్లమీద ఒక తెల్లకాగితముల పుస్తకమును కూడ ఉంచవలెను. కథ తెలిసినవారు చెప్పుదురు గాక. వ్రాయనేర్చినవారు వ్రాయుదురు గాక. ప్రతి ఆదివారమును పిల్లలు విని తీర్పు చెప్పుదురు గాక. వయస్సు మీఱినదని సంకోచించువారు విష్ణుశర్మ ఏండ్లను ఒకమాఱు లెక్కించుకొనవలెను.