నవ్వు ఎవరి మీద?



1968లో వచ్చిన ‘ది పార్టీ’ అనే హాలీవుడ్ హాస్యచిత్రంలో ఇంగ్లీషు నటుడు పీటర్ సెల్లర్స్ ముఖానికి గోధుమరంగు పూసుకొని భారతీయుడి వేషం కట్టాడు. గొప్ప నటుడే, కాదనం. కాని అప్పటికే అమెరికాలో తెల్లవాడు నల్లరంగు పూసుకొని నల్లజాతివారిని వెక్కిరిస్తే ఊరుకోని రోజులు వచ్చాయి. మన రంగు పూసుకుంటే మాత్రం తమాషా! అదే దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ 1961లో మికీ రూనీకి ఎత్తుపళ్ళు పెట్టించి జపానువాణ్ణి చేశాడు.

మన ఇంటి సంగతీ చూద్దాం. తెలుగు హాస్యచిత్రాల్లో సాయిబు అంటే చాలావరకు వచ్చీరాని తెలుగే. మనలో తెలుగు పంతుళ్ళు ఎందరు లేరు! ఆ యాసతోనే బడిలో మన పిల్లల్ని ఏడిపిస్తారు. మనకది బాధే. మరి అరవవాణ్ణి, మార్వాడీని, నల్లగా ఉన్న ఆడపిల్లను చూపి నవ్విస్తే? పక్కన కూర్చుని పకపకా నవ్వే మన పిల్లవాడికి ఏం చెబుదాం?