కారణం చెప్పాల్సిన ప్రళయం

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఫిజిక్సు చెప్పేవారు. కనుక సైన్స్ ఫిక్షన్ మీద మాట్లాడతానంటే నిర్వాహకులు సంతోషించారు. లోకాంతం గురించి అన్నాక కాస్త తటపటాయించారు.

మన పురాణాల్లో ప్రళయానికి ఒక వేళ ఉంది. కాలం తీరుతుంది, నీళ్లు ముంచెత్తుతాయి, మళ్లీ సృష్టి మొదలవుతుంది. సైన్స్ ఫిక్షన్ రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు. లోకం పోయిందంటే ఏం జరిగి పోయిందో చెప్పాలి. 1826లో మేరీ షెల్లీ ‘ది లాస్ట్ మ్యాన్’ నవలలో మహమ్మారిని తెచ్చింది. అప్పటికే ఆమె భర్తనూ, ముగ్గురు బిడ్డలనూ, మిత్రుడు బైరన్‌నూ పోగొట్టుకుంది. 1895లో హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’లో మూడు కోట్ల ఏళ్లు ముందుకెళ్లి, ఆరిపోతున్న ఎర్రటి సూర్యుణ్ణి చూపించాడు. కెల్విన్ వంటి ఉద్దండ శాస్త్రవేత్తలు సూర్యుడికి కట్టిన ఆయుర్దాయం అప్పట్లో ఆ లెక్కలోనే ఉండేది. సూర్యుడు దేనితో మండుతున్నాడో తెలిశాక, ఆ గడువు దాదాపు ఐదు వందల కోట్ల ఏళ్లకు పెరిగింది.

ఇక అసలు కథ. రేడియం గురించి శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ 1909లో ఒక పుస్తకం వేశాడు. అది చదివిన వెల్స్, 1914లో ‘ది వరల్డ్ సెట్ ఫ్రీ’ రాసి ఆ పుస్తకానికే అంకితమిచ్చాడు. ‘అటామిక్ బాంబు’ అన్న మాట అందులో ఉంది. విమానంలో కూర్చున్నవాడు చేత్తో ఎత్తి పడేస్తాడు. పడ్డ చోట రోజుల తరబడి పేలుతూనే ఉంటుంది. ఈ నవలను 1932లో భౌతికశాస్త్రవేత్త లియో సిలార్డ్ చదివాడు. మరుసటేడు లండన్‌లో వీధి దాటుతుండగా అణు గొలుసుచర్య ఊహ తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. పేటెంటు తీసుకుని, రహస్యంగా ఉంచడానికి దాన్ని బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించాడు. హిరోషిమా తర్వాత, 1950లో, కోబాల్టు బాంబుతో మనుషులందరినీ చంపవచ్చని రేడియోలో హెచ్చరించిందీ ఆయనే.

నెవిల్ షూట్ 1957లో రాసిన ‘ఆన్ ది బీచ్’లో ఆ కోబాల్టే ఉంది. షూట్ విమానాల ఇంజనీరు, అందుకే కాబోలు హడావుడి చేయడు. ఉత్తరార్ధగోళం యుద్ధంలో పోయింది. గాలితోపాటు విషధూళి దక్షిణానికి దిగుతోంది. మెల్‌బోర్న్ జనానికి మిగిలింది కొన్ని నెలలు. ఒక జంట వచ్చే ఏడు పూసే మొక్కలు నాటుకుంటుంది. సర్కారు ఇంటింటికీ చావుమాత్రలు సిద్ధం చేస్తుంది. అమెరికా నుంచి అర్థంకాని వైర్‌లెస్ సంకేతాలు వస్తుంటే జలాంతర్గామి వెళ్లి చూస్తుంది: విరిగిన కిటికీ చట్రం గాలికి ఊగి మీట మీద పడుతోంది. మనిషి లేడు. లోకాంతం మీద నేను చదివినవాటిలో ఇంతకన్నా భయంకరమైన ఘట్టం లేదు. అందులో ఒక్క పేలుడూ లేదు.

సినిమాలకు ఉల్కలంటే ఇష్టం. 1998లో ఒక్క ఏడాదే రెండొచ్చాయి, ‘డీప్ ఇంపాక్ట్’, ‘ఆర్మగెడాన్’. ఆకాశం నుంచి రాయి పడితే ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు కదా! అయినా ఆ దారిలోనూ మేలు జరిగింది. ఆర్థర్ క్లార్క్ 1973 నాటి నవలలో ఊహించిన ‘స్పేస్‌గార్డ్’ పేరునే తర్వాత గ్రహశకలాల నిఘాకు పెట్టుకున్నారు. 2022లో నాసా వారి డార్ట్ నౌక డైమార్ఫోస్ అనే గ్రహశకలాన్ని గుద్ది, దాని పరిభ్రమణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది.

మనకు 1991లోనే సింగీతం వారి ‘ఆదిత్య 369’ వచ్చింది. అందులో 2504 నాటి మనుషులు రేడియేషన్‌కు భయపడి భూగర్భంలో బతుకుతుంటారు. ప్రేక్షకులకు రాయలవారి సభ గుర్తుంది, ఈ నేలమాళిగ గుర్తులేదు.

తెలుగులో ఈ కథలు రాయబోయే పిల్లలకు నాదొక విన్నపం. లోకాన్ని ముంచండి, కాల్చండి, మీ ఇష్టం. అందుకు ఒప్పుకున్న కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో మాత్రం కథలో రాయండి.