సూర్తీ గేదె

సూరత్ అనగానే మనకు చీరలు, మగ్గాల మీద బతుకుతున్న మన తెలంగాణ పద్మశాలీలు గుర్తొస్తారు. ఆ ఊరి పేరే ఒక పాడి గేదె జాతికీ ఉంది. అదే సూర్తీ. దీని పుట్టినిల్లు మాత్రం సూరత్‌కు ఉత్తరాన, మహీ, సాబర్మతి నదుల మధ్య ఉన్న ఖేడా, ఆనంద్, వడోదర ప్రాంతం. 1946లో అమూల్ సహకార ఉద్యమం మొదలైంది కూడా ఈ ఖేడాలోనే.

సూర్తీని గుర్తుపట్టడం తేలిక. ఒళ్లు తుప్పు రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. కొమ్ములు కొడవలిలా వంగుతాయి. మెడ కింద రెండు తెల్లని పట్టీలు, ఒకటి దవడ దగ్గర, ఇంకొకటి రొమ్ము మీద. ఎంత ముచ్చటగా ఉంటాయో!

ముర్రా జాతి గేదె అంత పాలివ్వదు, నిజమే. కానీ మధ్యస్థమైన ఒళ్లు, తక్కువ మేత, చిక్కటి పాలు. వెన్న 7, 8 శాతం దాకా ఉంటుంది. ఎకరం, అరెకరం ఉన్న రైతుకు ఇంతకంటే ఏం కావాలి? పాడి రైతులారా, గేదెను కొనేటప్పుడు లీటర్లు ఒక్కటే చూడకండి. మేత ఖర్చు, వెన్న శాతం కూడా లెక్క వేసుకోండి.