పాఠశాలలో లిఖిత పత్రిక

చివరి గంట మ్రోగిన పిమ్మట పిల్లలు బడిలో నిలిచి చేయు పనులకు పాఠ్యేతర కార్యకలాపములని పెద్ద పేరు పెట్టినారు. పేరు పెద్దదేగాని వానికి దొరకు చోటు చిన్నది. పరీక్షలు సమీపింపగానే మొదట మూలబడునవి అవియే. 2020లో వెలువడిన జాతీయ విద్యావిధానము పాఠ్యమునకును పాఠ్యేతరమునకును నడుమ గట్టి గోడ ఉండరాదన్నది. కాగితముమీద తొలగిన ఆ గోడ తల్లిదండ్రుల మనస్సులలో ఇంకను నిలిచియేయున్నది. ఆటలు, నాటకములు, తోటపని, స్కౌటు దళములు మొదలగువానినిగూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. నేను ఒక్కదానిని మాత్రము ఎత్తుకొందును. అది విద్యార్థులు తమ చేతితో వ్రాసి, తామే కుట్టి, తమలో తాము చదువుకొను లిఖిత పత్రిక.

దీనికి కావలసిన సామగ్రి అత్యల్పము. ఇరువది తెల్లకాగితములు, సిరా, రంగుపెన్సిళ్లు, సూది, దారము. నెలకొక్క ప్రతి తయారైన చాలును. అది చేతులు మారుచు తరగతియంతయు తిరిగి వచ్చును. వచ్చునప్పటికి అంచులు నలిగి, అట్టమీద ఎవరి చేతి నూనెయో అంటియుండును. నలగని పత్రికను నేను నమ్మను. అది బీరువాలో దాచి, తనిఖీకి వచ్చిన అధికారికి చూపుటకై చేసినది.

ఇందువలన పిల్లవాడు నేర్చునదేమి? వ్రాయుట యని మీరు వెంటనే అందురు. అది నిజమే. కాని అంతకంటె కష్టమైనది కత్తిరించుట. పండ్రెండేండ్ల సంపాదకునికి ప్రాణమిత్రుడు మూడు పుటల కథ తెచ్చి యిచ్చును. పత్రికలో మిగిలినది ఒక్క పుట. మిత్రుని నొప్పింపక, కథను చెరుపక, రెండు పుటలు తీసివేయవలెను. ఏ వాచకమును ఈ విద్య నేర్పదు. నేను ఉపాధ్యాయుడనుగా ఉన్నకాలమున ఏడవ తరగతి బాలిక యొకతె సంపాదకురాలు. “నీ కథలో రాజుగారు చచ్చిపోయిన తరువాత జరిగినదంతా అక్కరలేదురా” అని తోటి బాలునితో ఆమె చెప్పగా విన్నాను. అతడు రెండు దినములు ఆమెతో మాటాడలేదు. మూడవనాడు రాజుగారి చావుతోనే కథ ముగించి తెచ్చినాడు. అది మునుపటికంటె మంచి కథ.

శుద్ధప్రతి వ్రాయువాని పని వేరు. నోటుపుస్తకములో “ప్రార్థన”లోని థకారమును ధకారముగా వ్రాసి, ఎర్రగీత పడినను లెక్కచేయని బాలుడు, నలుబదిమంది నవ్వుదురన్న భయముతో నిఘంటువు విప్పును. బొమ్మ వేయువాడు కథను కడవరకు చదువక తప్పదు. కాగితముల ఖర్చు చూచుపనిని బిడియస్థునికి అప్పగించి చూడుడు. చందా వసూలుకైనను నోరు విప్పును.

మనవారిలోనే ఇందుకొక నిదర్శనము కలదు. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాపతి రాఘవరావుగారి “బాల” పత్రికలో 1945లో ముళ్లపూడి వెంకటరమణగారి తొలికథ అచ్చయినది. ఆ ఉత్సాహముతో ఆయన మిత్రులతో కలసి “ఉదయభాను” అను పత్రిక పెట్టినారు. చందాలు పోగుచేసి సైక్లోస్టైలు యంత్రము కొన్నారు. రమణగారు సంపాదకులు, బాపుగారు చిత్రకారులు. ఈ యంత్రమునకు మైనపుకాగితముమీద ఇనుపకలముతో వ్రాయవలెను. గీత పడినచోట మైనము తొలగి, ఆ సందులగుండ సిరా దిగి ప్రతులు వచ్చును. పడిన గీతను దిద్దుట కష్టము గనుక చేయి నిలకడ నేర్చును. ఆ యిద్దరును తరువాత తెలుగు కథకును తెలుగు బొమ్మకును ఏమి చేసిరో మీ రెరుగుదురు. పత్రిక పెట్టిన ప్రతి పిల్లవాడును బాపు, రమణ కాడు, కానక్కరయు లేదు.

ఇట్టి పత్రికలను చంపునది పరీక్షలని లోకము అనుకొనును. నేను చూచినంతలో వానిని చంపునది పెద్దల ప్రేమ. ఉపాధ్యాయుడు కథను దిద్ది దిద్ది తన కథగా చేసివేయును. తల్లి బొమ్మ వేసి పంపును. మొదటి పుట ప్రధానోపాధ్యాయుని సందేశమునకు పోవును. నేడు కంప్యూటరుమీద అక్షరములు ముత్యములవలె కుదురుచున్నవి. కోరినంతనే కథనుగూడ వ్రాసి యిచ్చు యంత్రములు వచ్చినవి. వానిని ముట్టరాదని నేననను. ఏది ఉంచవలెను, ఏది తీయవలెను అను నిర్ణయము మాత్రము పిల్లల చేతినుండి జారిన, మిగులునది అందమైన కాగితమే.

చదువు చెడునని జంకు తల్లిదండ్రులకు నా మనవి: దీనికి వారమున కొక్క గంట చాలును. ఉపాధ్యాయులు చేయవలసినది రెండే పనులు. ఎవరినైన అవమానించు వ్రాత ఉన్నచో ఆపుట. పత్రిక వెలువడు తేదిని గోడమీద వ్రాసి, దానిని మార్చకుండుట. ఆనాటికి సగము పుటలు తెల్లగా మిగిలినను అట్లే కుట్టించి తరగతిలో తిప్పుడు. ఆ తెల్లపుటలు ఎవరివో పిల్లలు తమలో తాము తేల్చుకొందురు.