రొయ్యలో మందు జాడ: ఏ స్ట్రిప్పు కొందాం?
(రాజోలులో ఆక్వా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రొయ్యలో క్లోరాంఫెనికాల్ గాని నైట్రోఫ్యూరాన్ గాని తేలితే సరుకు వెనక్కి వస్తుందని మనకు తెలుసు. రెండూ నిషేధించిన మందులే. యూరప్ 2022 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్ హద్దును కిలోకు 0.3 మైక్రోగ్రాముల నుంచి 0.15కు దించింది. అంటే టన్ను రొయ్యకు 0.15 మిల్లీగ్రాము! పట్టుబడి అయ్యాక ఈ సంగతి బయటపడితే కోత పడేది మన ధరకే. అందుకే సంఘం తరఫున స్ట్రిప్పులు కొందామని అడుగుతున్నాం. కొందాం, కానీ చూసి కొందాం.

గర్భ పరీక్షలో రెండో గీత వస్తే ఉన్నట్టు. ఇక్కడ తిరకాసు. మందు అణువు మరీ చిన్నది, రెండు యాంటీబాడీలు ఒకేసారి పట్టుకునే చోటుండదు. అందుకని ఆ మందునే ఒక ప్రోటీన్‌కు అతికించి గీతగా గీస్తారు. బంగారు నలుసులకు అంటించిన యాంటీబాడీ రసంతో పాటు పాకివచ్చి ఆ గీతకు అంటుకుంటే ఎర్రగా కనబడుతుంది. రసంలో మందుంటే యాంటీబాడీ ముందే దాన్ని పట్టుకుంటుంది, గీత వెలిసిపోతుంది. కాబట్టి రెండు గీతలొస్తే మందు తగల్లేదని, కంట్రోల్ గీత ఒక్కటే వస్తే మందు ఉందని. కంట్రోల్ గీతే రాకపోతే స్ట్రిప్పు చెడిపోయింది. దీన్ని తిరగేసి చదివితే మంచి సరుకుకే మచ్చ పడుతుంది.

గీత ముదురుగా వస్తే మంచి స్ట్రిప్పని అనుకుంటాం. కాదు. యాంటీబాడీ ఎక్కువ దట్టిస్తే గీత ముదురుతుంది గాని, కాస్త మందున్నా వెలవదు. నైట్రోసెల్యులోజ్ పొర సంగతీ అంతే: రసం నెమ్మదిగా పాకే రకానికి చిన్న మోతాదు కూడా చిక్కుతుంది. రెండు నిమిషాల్లో ఫలితం అనే ప్రకటనకు మురిసిపోనక్కర్లేదు.

మన గోదావరి గాలిలో తేమ మరో శత్రువు. యాభై స్ట్రిప్పుల డబ్బా వద్దు. సిలికా జెల్ పొట్లంతో ఒక్కోటీ విడిగా రేకు కవర్లో ఉన్నవే అడుగుదాం. ఫ్రిజ్‌లోంచి తీసిన కవరు చల్లదనం పోయాకే చింపాలి.

చెరువు నీళ్లలో ముంచి రొయ్య సంగతి చెప్పేస్తామనేవాళ్లను నమ్మొద్దు. మాంసం నూరి, ద్రావకంతో మందును బయటికి లాగాలి. నైట్రోఫ్యూరాన్ అయితే దాని శేషం మాంసానికి అతుక్కుపోతుంది. ఆమ్లంలో గంటల తరబడి వెచ్చచేస్తేగాని ఊడదు. అది గట్టు మీద అయ్యే పని కాదు, గది కావాలి.

అమ్మేవాణ్ణి అడగాల్సింది: ఎంత మోతాదు పట్టుకుంటుంది, అదీ వట్టి ద్రావణంలోనా, రొయ్య మాంసంలోనా? 0.3 అని రాసుంటే పాత హద్దు.

కొనేవాడు స్ట్రిప్పు చూపించి ధర కోస్తానంటే, అదే శాంపిల్‌లో సగం మన ముందే సీలు వేసి ఎల్‌సీ-ఎంఎస్ ల్యాబుకు పంపించాలి. ఈ షరతు రాసివ్వనివాడికి సరుకు ఇవ్వకూడదని ఈ సమావేశంలోనే తీర్మానం పెడుతున్నాం.